స్పేస్ గేమ్‌లో గిట్టుబాటు కావట్లేదా? తేడా ఎక్కడ కొడుతోందో చూద్దాం

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు పాతపట్నం నుంచి బండేసుకుని పర్లాకిమిడిలో మా ఇంటికొచ్చాడు, ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని. అమ్మ ఇచ్చిన టీ ముట్టుకోకుండానే మొదలెట్టాడు. "ఏటన్నయ్యా ఈ గేము, నెల్లాళ్ళయి ఆడతన్నాను, పైసా మిగల్లేదు. మనల్ని ఏడిపించడానికే చేసినట్టున్నారు." వాడు ఆడేది ఎలీట్ డేంజరస్, అంతరిక్షంలో షిప్పు నడుపుతూ డబ్బు సంపాదించే ఆన్‌లైన్ గేమ్. నేను దాంతోపాటు అలాంటిదే ఈవ్ ఆన్‌లైన్ కూడా ఆడతాను, రెండింట్లోనూ చేతులు కాల్చుకున్నవాణ్ణే.

ఈ ఏడుపు వాడొక్కడిదే కాదు. మా బ్యాచ్‌లో రాయగడ, గుణుపురం, బరంపురం కుర్రాళ్ళున్నారు, రాత్రి తొమ్మిది దాటితే వాయిస్ చాట్‌లో సగం తెలుగు, సగం ఒడియా, మధ్యలో ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. అందరిదీ ఒకటే మాట, గేమ్ కష్టం ఎక్కువ, డబ్బు తక్కువ. నేను చూసినంతలో చాలాసార్లు గేమ్ తక్కువేమీ ఇవ్వట్లేదు, మనం పోగొట్టుకున్నది లెక్కలో రాసుకోవట్లేదు, అంతే. కొన్నిసార్లు గేమ్‌దే తప్పు, అది కూడా చెప్తాను.

సమస్య: మిషన్‌కి లక్షలొస్తున్నాయి, బ్యాలెన్స్ మాత్రం అక్కడే ఉంది

దీనికి కారణం దాదాపు ఎప్పుడూ రీబై. ఎలీట్‌లో షిప్పు పేలిపోతే, షిప్పు ధరా దానికి బిగించిన సామాన్ల ధరా కలిపి అందులో 5 శాతం కడితే మళ్ళీ అదే షిప్పు ఇస్తారు. 5 శాతమే కదా అనిపిస్తుంది. మా వాడి లెక్క కాగితం మీద వేశాం. వాడి షిప్పు, సామాన్లు కలిపి సుమారు 10 కోట్ల క్రెడిట్లు (గేమ్‌లో డబ్బు), అంటే రీబై 50 లక్షలు. మిషన్‌కి 15 లక్షలు, గంటకి మూడు మిషన్లు, అంటే రెండు గంటల్లో 90 లక్షలు. కానీ ఆ రెండు గంటల్లో ఒకసారి చచ్చిపోతున్నాడు. 50 పోయింది. అప్పటిదాకా కొట్టిన దొంగల తలల మీద డబ్బు స్టేషన్లో మార్చుకోలేదు కాబట్టి అదో పది లక్షలు గోవిందా. మిగిలింది 30, అంటే గంటకి 15 లక్షలు.

ఇప్పుడు అదే మనిషి 2 కోట్ల షిప్పులో, 10 లక్షలిచ్చే తేలిక మిషన్లు చేశాడనుకుందాం. రెండు గంటల్లో 60 లక్షలు. ఇక్కడా ఒకసారి చచ్చిపోయాడనే పెట్టుకుందాం, రీబై 10, మార్చుకోని డబ్బు ఇంకో 10. మిగిలింది 40, గంటకి 20. చిన్న బండే ఎక్కువ మిగిల్చింది, పైగా తేలిక మిషన్లలో అసలు అన్నిసార్లు చావం. కాగితం చూసి మా వాడు చాలాసేపు మాట్లాడలేదు, టీ చల్లారిపోయింది.

ఏం చేయాలంటే, ఒక వారం పాటు నోట్‌బుక్‌లో మూడే మూడు రాయండి: ఎంతసేపు ఆడారు, ఎంతొచ్చింది, ఎంత పోయింది. మిషన్ బోర్డు మీద కనిపించే అంకె కాదు, గంటకి చేతిలో మిగిలింది చూడండి. బ్యాలెన్స్‌లో కనీసం మూడు రీబైలకు సరిపడా డబ్బు లేకుండా పెద్ద షిప్పు బయటికి తీయకండి. ఆ డబ్బు సర్దలేకపోతే చివరికి మొదట్లో ఊరికే ఇచ్చిన సైడ్‌వైండర్ అనే చిన్న షిప్పులోకే దిగాలి, ఆ అవమానం నేను పడ్డాను. ఇంకో సంగతి, లోపలున్న సరుకుకి రీబై వర్తించదు. సరుకు పోతే పోయినట్టే. గెలాక్సీ చుట్టొచ్చి పోగేసిన స్కాన్ డేటా కూడా అమ్మకముందే చస్తే అంతే సంగతులు, వారాల కష్టం ఒక్క చెత్త ల్యాండింగ్‌లో పోయినవాళ్ళున్నారు.

సమస్య: సరుకు రవాణా చేస్తున్నా, రోజంతా తిరుగుడే

మా వీధిలో లారీ ఓనర్ని ఎవర్నైనా అడగండి, పలాస దాకా లోడుతో వెళ్ళి ఖాళీగా తిరిగొస్తే ఏం మిగులుతుందో చెప్తాడు. రిటర్న్ లోడు లేని ట్రిప్పు ట్రిప్పే కాదు. గేమ్‌లో మాత్రం మనం వెళ్ళేటప్పుడు లాభం చూసుకుని, వచ్చేటప్పుడు ఖాళీ కడుపుతో వస్తాం. రెండు వైపులా ఏదో ఒకటి అమ్ముడుపోయే జంట స్టేషన్లు వెతకండి, ఒక వైపు లాభం కాస్త తక్కువైనా పర్లేదు.

రెండో కారణం దూరం. స్టేషన్ పేరు పక్కన లైట్ సెకండ్లలో ఒక అంకె ఉంటుంది, అదెవరూ చూడరు. ఒక లైట్ సెకండ్ అంటే సుమారు 3 లక్షల కిలోమీటర్లు. కొన్ని స్టేషన్లు సిస్టమ్‌లోకి (ఒక నక్షత్రం, దాని చుట్టూ ఉన్నవి) దిగిన చోటు నుంచి రెండు మూడు వందల లైట్ సెకండ్లే, కొన్ని లక్షల్లో. ఆల్ఫా సెంటారిలో హట్టన్ ఆర్బిటల్ అని ఒకటుంది, దిగిన నక్షత్రం నుంచి 0.22 కాంతి సంవత్సరాలు, మామూలు డ్రైవ్‌తో (షిప్పుని దూరాలు దాటించే ఇంజిన్) గంట పైనే పడుతుంది. అక్కడికెళ్తే అనకొండ షిప్పు ఫ్రీగా ఇస్తారని కొత్తవాళ్ళని ఆటపట్టించడం ఎలీట్ ఆడేవాళ్ళకు పాత సరదా. బరంపురం కుర్రాడొకడు నిజంగానే వెళ్ళాడు. మధ్యలో భోంచేసి వచ్చాడు, ఇంకా చేరలేదు. వెళ్ళాక మాకు పెట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

సమస్య: వీడియోలో కోట్లు అన్నాడు, నాకు రావట్లేదు

ఇక్కడ తప్పు గేమ్‌ది కూడా. ఆన్‌లైన్ గేమ్ చేసేవాళ్ళు ఏదైనా పనికి డబ్బు మరీ ఎక్కువొస్తోందని చూస్తే దానికి కత్తెర వేస్తారు. 2018 డిసెంబర్‌లో ఎలీట్‌లో గ్రహశకలాన్ని పగలగొట్టి లోపలి రాయి తీసే మైనింగ్ వచ్చింది, వాయిడ్ ఓపల్స్ అనే ఖరీదైన రాళ్ళ కోసం జనం ఎగబడ్డారు, తర్వాత ఆ ధరలు దిగొచ్చాయి. ఈవ్‌లో 2020 చివర్లో ఇంకో పద్ధతి పెట్టారు: పోలీసుల్లేని నల్-సెక్ ప్రాంతాల్లో ఒకే సిస్టమ్‌లో అందరూ కూర్చుని దొంగల్ని కొడుతుంటే అక్కడ వచ్చే డబ్బు దానంతటదే తగ్గిపోతుంది, ఎవరూ వెళ్ళని చోట పెరుగుతుంది. నాకైతే ఈ రెండోదే న్యాయంగా అనిపిస్తుంది. ఒక్కసారిగా కోసేస్తే కష్టపడి ఆ పనికే షిప్పు కట్టుకున్నవాడు మునిగిపోతాడు, మెల్లగా తగ్గితే పక్క వీధిలో కొట్టు పెట్టుకోవచ్చు.

కాబట్టి వీడియో చూసే ముందు తేదీ చూడండి. అమ్మే ముందు స్టేషన్లో డిమాండ్ అంకె చూడండి, ధర ఒక్కటే చూస్తే సరిపోదు. డిమాండ్ తక్కువున్న చోట మొత్తం దింపేస్తే టన్నుకి వచ్చేది పడిపోతుంది.

సమస్య: శత్రువు చావట్లేదు, నేను మాత్రం క్షణాల్లో పోతున్నా

గేమ్ కష్టంగా ఉందని తిట్టుకునే ముందు మూడు చూడండి. ఒకటి, ఎలీట్‌లో షీల్డుల మీద లేజర్లు బాగా పనిచేస్తాయి, షీల్డు పోయాక లోపలి ఇనుము మీద తూటాలు. అన్నీ లేజర్లే పెట్టుకుంటే సగం పని ఈజీ, మిగతా సగం సాగదు. చిన్న తుపాకులతో పెద్ద షిప్పు ఒంటిని గీకడం మాత్రం శుద్ధ దండగ. రెండు, పవర్ పంచే బటన్లు. షీల్డు, ఇంజిన్, ఆయుధాలు, ఈ మూడింటి మధ్య కరెంటు మనమే పంచాలి. దెబ్బలు తింటున్నప్పుడు మొత్తం షీల్డుకి, కొట్టేటప్పుడు ఆయుధాలకి, పారిపోయేటప్పుడు ఇంజిన్‌కి. మా వాడు నెల్లాళ్ళలో ఆ బటన్లు ఒక్కసారి కూడా ముట్టుకోలేదట. అలా ముట్టుకోనివాళ్ళందరికీ గేమ్ కష్టంగానే ఉంటుంది. మూడు, తిరిగేటప్పుడు స్పీడు మీటర్లో నీలం గీత దగ్గర ఉంచితే షిప్పు తొందరగా తిరుగుతుంది, ఫుల్ స్పీడులో బద్ధకంగా తిరుగుతుంది.

ఈవ్‌లో దీనికి ఇంకో పేరు, డ్యామేజ్ రకాలు. నాలుగుంటాయి: ఈఎం (విద్యుదయస్కాంతం), థర్మల్ (వేడి), కైనెటిక్ (గుద్దుడు), ఎక్స్‌ప్లోజివ్ (పేలుడు). ప్రాంతాన్ని బట్టి దొంగల ముఠా మారుతుంది, ముఠాని బట్టి వాళ్ళు కొట్టే రకమూ వాళ్ళకి తగిలే రకమూ మారతాయి. గురిస్టాస్ ముఠా మీదికి కైనెటిక్ తీసుకెళ్ళినవాడికి తేలిక, అదే సామాన్లతో బ్లడ్ రైడర్స్ ముఠా దగ్గరికెళ్తే నరకం. మిషన్ తీసుకోగానే ఎవరి మీదికో చదవండి, తర్వాత షిప్పు ముట్టుకోండి.

దొంగల్ని కొట్టి డబ్బు చేసుకోవాలనుకునే ఎలీట్ కొత్తవాళ్ళకి: హజార్డస్ అని రాసున్న మైనింగ్ ప్రాంతంలో పోలీసులు ఉండరు. లో, హై లాంటి వాటిలో ఉంటారు. అక్కడికెళ్ళి పోలీసులు కొడుతున్నవాడినే, స్కాన్ పూర్తయ్యి వాంటెడ్ అని వచ్చాక, మీరూ నాలుగు దెబ్బలు వేయండి, డబ్బు మీకూ వస్తుంది. సిగ్గేం అక్కర్లేదు, అందరూ అలాగే మొదలెట్టారు.

సమస్య: సేఫ్ ఏరియా అన్నారు, అక్కడే పోయాను

ఈవ్‌లో ప్రతి సిస్టమ్‌కీ ఒక సెక్యూరిటీ అంకె ఉంటుంది, 0.5 నుంచి పైన హై-సెక్, అదే సేఫ్ అనే ఏరియా. అక్కడ కాంకార్డ్ అని పోలీసులుంటారు, కానీ వాళ్ళు కాపాడరు, కొట్టినవాణ్ణి తర్వాత శిక్షిస్తారు. 1.0లో త్వరగా వస్తారు, 0.5లో ఆలస్యం. దొంగల లెక్క చాలా సింపుల్: నీ సరుకు విలువ వాడు పోగొట్టుకోబోయే షిప్పుల విలువ కంటే ఎక్కువుంటే కొడతాడు. అందుకే దీనికి విరుగుడు కూడా లెక్కలోనే ఉంది, విలువైన సరుకు ఒక్క ట్రిప్పులో వేయకుండా రెండు మూడుగా విడగొట్టండి, పల్చటి షిప్పులో ఖరీదైనవి పెట్టకండి, పెద్ద బజారున్న జిటా వైపు వెళ్ళేటప్పుడు ఆటోపైలట్ పెట్టి వంటింట్లోకి పోకండి, అది గేటుకి దూరంగా దిగి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్తుంది.

ఎలీట్‌లో వేగంగా వెళ్తుంటే దారి మధ్యలో ఎవడైనా మనల్ని బయటికి లాగితే, గెలవలేనని తెలిసినప్పుడు పెనుగులాడకుండా స్పీడు సున్నాకి తెచ్చి లొంగిపోండి. ఓడిపోతే షిప్పు గిరగిరా తిరిగి దెబ్బతింటుంది, డ్రైవ్ చల్లారడానికి ఎక్కువసేపు పడుతుంది. లొంగితే కొద్ది సెకన్లే. బయటపడగానే బూస్ట్, ఇంకో సిస్టమ్‌కి జంప్.

సమస్య: ఇంధనం అయిపోయింది, రాత్రి పన్నెండు

మా వాడు ఒక గోధుమ మరుగుజ్జు నక్షత్రం పక్కన చిక్కుకున్నాడు. నక్షత్రం నుంచి ఇంధనం లాగే ఫ్యూయల్ స్కూప్ ఉంది, కానీ ఆ రకం నక్షత్రంలోంచి ఇంధనం రాదు. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం రకం నక్షత్రాల్లోంచే తీసుకోగలం. మ్యాప్‌లో ఈ ఏడు రకాలకే ఫిల్టర్ పెట్టి రూట్ వేయండి. అప్పటికే చిక్కుకుంటే 2015 నుంచీ ఆటగాళ్ళే నడుపుతున్న ఫ్యూయల్ ర్యాట్స్ అనే ఇంధనం తెచ్చిచ్చే బృందాన్ని పిలవండి, డబ్బు తీసుకోరు. ఆక్సిజన్ కౌంట్‌డౌన్ మొదలైతే వెంటనే మెయిన్ మెనూకి వచ్చేసి ఆ తర్వాత పిలవండి.

సమస్య: శత్రువులు గెంతుతున్నారు, కొట్టింది తగలట్లేదు

ఇది గేమ్ కష్టం కాదు, మన నెట్. మా ఇంట్లో ముందు గదిలో ఫోను ఒడిశా టవర్ పట్టుకుంటుంది, వెనక గదిలో ఆంధ్ర టవర్, మధ్యలో నిలబడితే ఏదీ లేదు. ఎలీట్ ఓపెన్ మోడ్‌లో (అందరూ కలిసి ఆడేది) ఆటగాళ్ళ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి, అందుకే ఎదుటివాడి నెట్ చెడ్డదైనా మీకు గెంతినట్టే కనిపిస్తుంది. ఒంటరిగా ఆడే సోలోలోకి మారి చూడండి, అదే గెలాక్సీ, అదే డబ్బు. అక్కడ సాఫీగా ఉంటే షిప్పుని మార్చక్కర్లేదు.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. తిత్లీ తుఫాను అప్పుడు, 2018 అక్టోబర్‌లో, మా గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, ఆ రోజుల్లో గేమ్ ఎవరికి గుర్తుంటుంది. నేను చెప్పేది మామూలు రోజుల అరగంట కోతల గురించి. ఈవ్‌లో అబిస్ అని ఒక చోటుంది, లోపలికెళ్తే 20 నిమిషాల్లో బయటపడాలి, లేకపోతే షిప్పుతో సహా పోతాం, మన కరెంటు పోయిందని గడియారం ఆగదు. మహేంద్రగిరి వైపు మబ్బు పడితే నేను అబిస్ జోలికి వెళ్ళను. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కాబట్టి రౌటర్‌కి ఒక మినీ యూపీఎస్ పెట్టుకుంటే చాలా కోతలు దాటేయొచ్చు. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని ఓల్టులో చదవండి, మా వాడు చదవకుండా 12కి బదులు 9 ఓల్టులది తెచ్చాడు, మార్చుకోడానికి మొన్న మళ్ళీ పాతపట్నం బజారుకెళ్ళాడు.