బండి పెట్టే ముందు: నీళ్లు, కాగితాలు, నూనె, సిలిండరు

మా బామ్మర్ది నల్లగొండలో జొన్నరొట్టెల బండి పెడతానని వచ్చినప్పుడు మొదట అడిగిన మాట, "బావా, లైసెన్సుకు ఎంత అయితది?" నేను తిరిగి అడిగింది, "నీళ్లు ఎక్కడివి తెస్తవ్?" వాడికి అర్థం కాలేదు. "ఇంటి వెనక బోరుంది కదా" అన్నాడు. అక్కడే ఆపేశాను. లైసెన్సు పని ఫోన్లో కూర్చుని చేసుకునేది, నీళ్ల పని అట్లా కాదు.

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అంటే ఏంటో మన జిల్లాలో పళ్లు చూసి, వంగిపోయిన నడుములు చూసి తెలుసుకున్నాం. కానీ చాలామంది బండి వాళ్లు ఇప్పటికీ చేసే తప్పు ఒకటుంది: నీళ్లు బాగా మరిగిస్తే చాలనుకుంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీళ్లు ఆవిరైపోయిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని శాతం పెరుగుతుంది. పప్పు, పులుసు, చాయ్ అన్నీ ఆ నీళ్లతోనే కదా. తాగునీటి ప్రమాణాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించుకోండి, ఆ రిపోర్టు దాచుకోండి, లైసెన్సు స్థాయి హోటళ్లను ఎట్లాగూ నీళ్ల పరీక్ష రిపోర్టు అడుగుతారు. మిషన్ భగీరథ నల్లా మీ గల్లీకి వస్తుంటే దాన్ని మించింది లేదు, పొద్దున పట్టి మూత ఉన్న డ్రమ్ములో పెట్టుకుని కింద ట్యాపు బిగించుకోండి. డ్రమ్ములో చెంబు ముంచడం మాత్రం వద్దు, చెంబుతో పాటు చెయ్యి కూడా మునుగుతుంది.

ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఒకటి ఉంది, చిన్న బండి నుంచి పెద్ద హోటలు దాకా శుభ్రత ఎట్లా ఉండాలో అందులోనే రాసి ఉంటుంది. దాని ప్రకారం తాగడానికి పనికొచ్చే నీళ్లే వంటకు, గిన్నెలు కడగడానికి, ఐసుకు కూడా వాడాలి. "తాగడానికి క్యాన్ నీళ్లు, ప్లేట్లకు ఆ పక్క మోరీ దగ్గరి బోరు" అనే పద్ధతి చెల్లదు. ఇక ప్లేట్లన్నీ ఒకే బకెట్లో ముంచి తీస్తే ఎనిమిదో ప్లేటుకు ఆ బకెట్లో ఉండేది నీళ్లు కాదు, పులుసు. మూడు టబ్బులు పెట్టుకోండి: ఒకటి ఎంగిలి తీయడానికి, రెండోది సబ్బు, మూడోది మంచి నీళ్లు.

ఇప్పుడు కాగితాల సంగతి.

2006 ఆహార భద్రత చట్టం ప్రకారం తినే వస్తువు అమ్మే ఎవరికైనా, తోపుడుబండి వాళ్లకు, జాతరలో నాలుగు రోజులు పెట్టే తాత్కాలిక స్టాలుకు కూడా రిజిస్ట్రేషన్ కావాలి. వ్యాపారం పెద్దదైతే రిజిస్ట్రేషన్ సరిపోదు, లైసెన్సు తీసుకోవాలి. 2011 నిబంధనల్లో మొదట ఈ గీత ఏడాదికి 12 లక్షల టర్నోవరు దగ్గర గీశారు. టర్నోవరంటే లాభం కాదు, గల్లాలో పడ్డ మొత్తం. లెక్క వేస్తే రోజుకు దాదాపు 3,300. పొద్దున టిఫిన్లు, సాయంత్రం మిర్చీ బజ్జీలు వేసే బాగా నడిచే సెంటరు ఆ లెక్క దాటేసేది, అది చాలామందికి తట్టేది కాదు. గీతలు, ఫీజులు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజు పోర్టల్లో ఏముంటే అదే లెక్క, పక్క బండి అన్న మూడేళ్ల కింద ఏం కట్టాడన్నది కాదు.

పోర్టల్ పేరు ఫాస్కాస్, ఆహార భద్రత సంస్థ వాళ్ల ఆన్‌లైన్ దరఖాస్తుల వెబ్‌సైటు. చిన్న వ్యాపారానికి ఫారం ఎ, లైసెన్సుకు ఫారం బి. ఫారం ఎ కి కావాల్సింది ఫోటో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, బండి నిలిపే చోటు లేదా ఇంటి చిరునామా, ఏం అమ్ముతారు అనే వివరం. అంతే. రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలు మించదు. మా బామ్మర్ది నా మాట వినకుండా ఒక ఏజెంటుకు 2,500 ఇచ్చాడు. డబ్బులు పోతే పోయాయి, అసలు గోస తర్వాత మొదలైంది: ఆ మనిషి దరఖాస్తులో తన ఫోన్ నంబరు, తన మెయిల్ ఐడీ పెట్టుకున్నాడు. అడ్రసు మార్చాలన్నా, ఇంకేం మార్చాలన్నా ఓటీపీ అతనికే పోతుంది, ప్రతిసారీ మళ్లీ అతని కాళ్లు పట్టుకోవాలి. కాబట్టి మీసేవలో చేయించుకున్నా, పిల్లలతో చేయించుకున్నా సరే, నంబరు మాత్రం మీది ఉండాలి.

దరఖాస్తు పెట్టిన 7 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వడమో, కారణం రాసి కాదనడమో, తనిఖీకి వస్తామని నోటీసు ఇవ్వడమో చేయాలని నిబంధన. వచ్చిన నంబరు 14 అంకెలుంటుంది. మన తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే 236 తో, రాష్ట్ర లైసెన్సు అయితే 136 తో మొదలవుతుంది. మొదటి అంకె 2 అంటే రిజిస్ట్రేషన్, 1 అంటే లైసెన్సు, తర్వాతి 36 మన రాష్ట్రం కోడు. ఎవరైనా మీకు సర్టిఫికెట్ తెచ్చిచ్చి "అయిపోయిందన్నా" అంటే ముందు ఈ మూడంకెలు చూడండి, తర్వాత ఆ నంబరు పోర్టల్లో కొట్టి మీ పేరే వస్తోందో లేదో చూడండి. కాపీని లామినేషన్ చేయించి బండికి అందరికీ కనబడేలా కట్టండి. బిల్లు ఇచ్చేవాళ్లు దాని మీద కూడా ఈ నంబరు వేయాలి, 2022 జనవరి నుంచి అది తప్పనిసరి.

ఈ నంబరు ఉందని నల్లగొండ గడియారం సెంటరులో ఎక్కడంటే అక్కడ నిలబడొచ్చు అనుకోకండి. ఇది తిండికి సంబంధించిన అనుమతి, జాగాకు కాదు. జాగాకు 2014 వీధి వ్యాపారుల చట్టం కింద మున్సిపాలిటీ ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ ఉంది, దానికి సర్వేలో మీ పేరు ఎక్కాలి, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లను అడిగితే ఎక్కడ కలవాలో చెబుతారు. షట్టరు తీసుకుని పెట్టేవాళ్లకు ట్రేడ్ లైసెన్సు వేరే ఉంటుంది. ఫుడ్ ట్రక్కు అయితే ఇంకో తలనొప్పి: పాత వ్యాను కొని పక్కన కోసేసి కిటికీ పెట్టించి, లోపల పొయ్యి బిగిస్తారు, కానీ బండి రూపం మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఏ, అంటే రవాణా శాఖ వాళ్ల అనుమతి కావాలి. అది లేకుండా రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది అదే. వెల్డింగ్ షాపుకు పోయే ముందే ఆర్టీఏ ఆఫీసుకు పోండి.

నూనె గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మిర్చీ బజ్జీ లేకుండా మనకు సాయంత్రం గడవదు. వేయించిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే అందులో పోలార్ కాంపౌండ్లు అనేవి పెరుగుతాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన. మన దగ్గర మీటరు ఉండదు, కళ్లు, ముక్కు ఉన్నాయి: నూనె నల్లబడి చిక్కగా అవడం, బజ్జీ వేయగానే చిన్న చిన్న నురగ లేచి తగ్గకపోవడం, మంట తక్కువగా ఉన్నా పొగ రావడం. ఇందులో ఏది కనబడినా మార్చేయాల్సిందే. చాలామంది చేసేది నిన్నటి నూనెలో ఇవాళ కొత్త నూనె పోసి నింపడం, దానివల్ల కొత్తది కూడా తొందరగా పాడవుతుంది. పెద్ద మూకుడు తీసేసి చిన్నది పెట్టండి, తక్కువ నూనె పట్టేది, ఆ రోజుకారోజు అయిపోయేలా. రాత్రి పూట పిండి పలుకులు వడగట్టండి, మాడిన పలుకులే నూనెను ముందు చెడగొడతాయి. వాడేసిన నూనె మోరీలో పోయొద్దు, ఇంకో బండికి అమ్మొద్దు, దాన్ని కొనుక్కుని బయోడీజిల్‌కు పంపే వాళ్లుంటారు, డబ్బాలో జమ చేసి వాళ్లకే ఇవ్వండి.

ఇక ఎండాకాలం. మన వైపు 44 డిగ్రీలు కొట్టే రోజుల్లో కొబ్బరి చట్నీ పొద్దున ఏడింటికి రుబ్బితే పదింటికల్లా వాసన మారుతుంది. పోయిన మే నెలలో మా వాడు "ఇంకో గంట ఆగుతది" అని ఉంచిన చట్నీ తిని మా ఇంట్లో వాళ్లమే ఇద్దరం రెండు రోజులు పడుకున్నాం, గిరాకీలకు పెట్టలేదు కాబట్టి బతికిపోయాడు. లెక్క ఏంటంటే 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఉన్న తిండిలో క్రిములు వేగంగా పెరుగుతాయి. కూర పొయ్యి మీద పొగలు కక్కుతూనే ఉండాలి, చల్లగా ఉండాల్సింది ఐసు డబ్బాలో ఉండాలి, మధ్యలో గోరువెచ్చగా పెట్టిందే ప్రమాదం. చట్నీ ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా రుబ్బుకోండి, ఎండాకాలంలో పల్లీ చట్నీతో సరిపెట్టినా ఎవరూ గొడవ చేయరు.

ఫాస్ట్ ఫుడ్ బండి వాళ్లకు ప్రత్యేకంగా: మధ్యాహ్నం అన్నం వండి బుట్టలో పరిచి రాత్రి పదింటి దాకా ఫ్రైడ్ రైస్‌కు వాడటం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అన్నంలో పెరిగే ఒక రకం క్రిమి విషాన్ని వదులుతుంది, ఆ విషం పెనం మీద ఎంత మంట పెట్టి వేయించినా పోదు. గుడ్డు పచ్చిగా వాడి చేసే మయోనీజ్‌ను మన ప్రభుత్వం 2024 అక్టోబరు 30 న ఏడాది పాటు నిషేధించింది, హైదరాబాద్‌లో మోమోలు తిని జనం ఆసుపత్రి పాలైన తర్వాత. నిషేధం సంగతి పక్కన పెట్టినా పచ్చి గుడ్డు మయోనీజ్ మన ఎండలో బండి మీద పెట్టేది కాదు. మంచూరియాలో, చికెన్ 65 లో ఎర్ర రంగు వేయకండి, వాటిలో సింథటిక్ రంగులకు అనుమతే లేదు, శాంపిల్ తీస్తే తప్పించుకోలేని కేసు అదే. కారం పొడితో వచ్చిన ఎరుపు చాలు.

బజ్జీలు న్యూస్‌పేపరులో కట్టివ్వడం కూడా నిషేధమే, ఆ సిరా నూనెకు కరిగి తిండిలోకి దిగుతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు 2022 జులై నుంచి బంద్. మోదుగాకు విస్తర్లు మన దగ్గరే దొరుకుతాయి, వాడండి.

వంట చేసేవాళ్లు, వడ్డించేవాళ్లు ఏడాదికోసారి డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పెట్టుకోవాలి, టైఫాయిడ్ టీకా కూడా వేయించాలి. సర్టిఫికెట్ ఎంత ఉన్నా, పని చేసే పిల్లగాడికి విరేచనాలైన రోజు కూలి ఇచ్చి ఇంటికి పంపే మనసు ఓనరుకు లేకపోతే లాభం లేదు, కూలి కోస్తారనే భయంతోనే వాళ్లు చెప్పకుండా పనికొస్తారు. రొట్టె చేసే చేత్తో పైసలు తీసుకోవద్దు. ఫోన్ పే స్కానరు పెట్టాక ఇది కొంచెం తేలికైంది.

సిలిండరు వ్యాపారానికి ఇచ్చేదే ఉండాలి, మామూలుగా అది నీలం రంగు 19 కిలోలది. ఇంటి ఎర్ర సిలిండరు వ్యాపారానికి వాడటం నేరం, పట్టుకుంటే తీసుకుపోతారు. గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది, అందుకే ఫుడ్ ట్రక్కులో పై కిటికీ ఒక్కటే ఉంటే సరిపోదు, అడుగున కూడా గాలి పోయే రంధ్రాలుండాలి. పైపు మీద తయారీ ఏడాది ఉంటుంది, అయిదేళ్లకు మార్చేయండి. డ్రై పౌడర్ మంటలార్పే సిలిండరు ఒకటి పొయ్యికి దూరంగా, చేతికి అందేలా పెట్టండి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మంట ఎగిసి మీదికొస్తుంది, గ్యాసు కట్టేసి పెద్ద మూత బోర్లించండి.

ఇన్‌స్పెక్టర్ వస్తే బండి వదిలేసి పక్క గల్లీలోకి పోకండి. ఇప్పుడు వాళ్లను ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అంటారు, గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడగొచ్చు, అడిగితే కోప్పడేవాళ్లలో దొంగ ఆఫీసర్లు కూడా ఉండొచ్చు. శాంపిల్ తీస్తే దాని ధర మీకు ఇవ్వాలి, నాలుగు భాగాలు చేసి మీ ముందే సీలు వేయాలి, మీ సంతకం తీసుకోవాలి. రిపోర్టు 14 రోజుల్లో రావాలి. దాని మీద అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో డెజిగ్నేటెడ్ ఆఫీసరుకు, అంటే జిల్లా స్థాయి ఆహార భద్రత అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. శుభ్రత లోపాలకు మామూలుగా ముందు ఇంప్రూవ్‌మెంట్ నోటీసు ఇస్తారు, సరిచేసుకోవడానికి కనీసం 14 రోజుల గడువుంటుంది. ఆ గడువులో చెప్పింది చేసి ఫోటోలు తీసి పెట్టుకోండి. పట్టించుకోకుండా అపరిశుభ్రంగానే నడిపితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది, అది తేల్చేది అదనపు కలెక్టరు స్థాయి అధికారి. అక్కడికక్కడే చేతిలో పెట్టమనే మనిషికి రూపాయి కూడా ఇవ్వకండి, నోటీసు కాగితం అడగండి.

మా వాడు ఇప్పుడు చెరువుగట్టు జాతరకు కూడా బండి తీసుకుపోతున్నాడు. ఈసారి వాడు ముందుగా ఎక్కించుకున్నది పిండి బస్తా కాదు, రెండు నల్లా నీళ్ల డ్రమ్ములు. వాటి పక్కన ఒక ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్ కాపీ, నీళ్ల రిపోర్టు, తన ఫిట్‌నెస్ కాగితం పెట్టుకున్నాడు. ఏజెంటు పెట్టిన ఫోన్ నంబరు మార్పించడం మాత్రం ఇంకా కాలేదు.