పాత అంబాసిడర్ కొనేముందు, కొన్న తర్వాత: తుప్పు, బ్రేకులు, టాపెట్లు

అంబాసిడర్‌లో తేలిగ్గా బాగయ్యేది ఇంజిన్. డబ్బులు మింగేది తుప్పు. కొనేవాళ్లలో చాలామంది మాత్రం బానెట్ ఎత్తి, సెల్ఫ్ కొట్టి, చప్పుడు బాగుందని బేరం తెంపేస్తారు. ఇంజిన్ పూర్తిగా పట్టేసినా సరే, నేల రేకు గట్టిగా ఉన్న బండినే కొనండి.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఈ కారు 2014 దాకా తయారైంది. ఇక్కడ చెప్పే ఇంజిన్ కొలతలు 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న బళ్లకే. ఇసుజు ఇంజిన్ ఉన్న 1800 బళ్లకు ఆ కొలతలు పనికిరావు. కాగితాలు, బాడీ సంగతి మాత్రం అన్నిటికీ ఒకటే. బ్రేకుల గురించి చెప్పేది నాలుగు చక్రాలకూ డ్రమ్ములున్న బళ్లకు.

కాగితాలు

ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్న అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడండి. పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ పెట్టిన అంబాసిడర్లు బోలెడు. ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. ట్రాన్స్‌ఫర్‌కు 29, 30 ఫారాలు కావాలి. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కూడా ఉండాలి. ఢిల్లీ నుంచి చౌకగా వచ్చే బండి ధరకు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్ కలిపి లెక్కేస్తే ఆ చౌక చాలావరకు కరిగిపోతుంది.

50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ఫీజు 20,000, గడువు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే ఆ నంబరుతో రోజువారీ తిరగడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారాలు ఊరు చుట్టి రావాలనుకునేవాళ్లకు మామూలు రెన్యువలే నయం.

తుప్పు ఎక్కడ వెతకాలి

ఈ బండికి విడి ఛాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. కాబట్టి నేల రేకు పోయిందంటే బండికి నడుం విరిగినట్టే. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింద పొడవునా సాగే డబ్బా రేకు, వెనక చక్రాల కమానులు, తలుపుల అడుగు అంచు వెంట జరుపుతూ పోండి. పట్టు వదిలిన చోట రంగు కింద లప్పం దట్టంగా ఉందన్నమాట. మ్యాట్లు ఎత్తించి పెడళ్ల కింద, డిక్కీలో స్టెప్నీ కింద, బ్యాటరీ ట్రే కింద స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు: వెనక పట్టీ స్ప్రింగులు బాడీకి బిగిసే చోటు, ముందు టార్షన్ బార్ల (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీల) వెనక కొసలు బిగిసే అడ్డ దిమ్మె. వీటి చుట్టూ రేకు పొరలు పొరలుగా లేస్తుంటే బేరం ఆపేయండి. కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పు గాలి ఊళ్లలో ఏళ్లు గడిపిన బండిని బయటి మెరుపు చూసి నమ్మకూడదు. లోపలి ఊళ్లలో, ఎండలో రంగు వెలిసిపోయిన బండి చాలాసార్లు దానికన్నా గట్టిగా ఉంటుంది.

మొదటి పని బ్రేకులు

ఏళ్లుగా నిలబడిన బండిని స్టార్ట్ చేయాలని చేతులు దురదపెడతాయి. కానీ ఆగని బండిని కదిలించకూడదు. నాలుగు డ్రమ్ములూ విప్పండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీటివల్లే వీల్ సిలిండర్ లోపలి గోడ గుంటలు పడుతుంది. గుంటలు పడినదానికి కొత్త రబ్బరు కిట్ వేసినా నెల తిరక్కుండా కారుతుంది, సిలిండరే మార్చండి. మూడు రబ్బరు హోసులు పైకి బాగున్నా లోపల ఉబ్బి దారి మూసేస్తాయి. పెడల్ వదిలినా ఒక చక్రం పట్టుకునే ఉంటే మొదట వాటినే అనుమానించాలి. కొత్త డాట్ 3 ఆయిల్ పోసి, మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరపు చక్రంతో మొదలుపెట్టి గాలి తీయండి. వెనక లైనింగ్ నూనెతో తడిసి ఉంటే హబ్ ఆయిల్ సీల్ పోయినట్టు. లైనింగ్ కడిగి మళ్లీ వేయొద్దు, పీల్చిన నూనె వేడికి బయటికొస్తుంది.

ఇంజిన్‌ను నిద్రలేపడం

పాత పెట్రోలు మొత్తం తీసేయండి. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్, డీజిల్ కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. ఆ తర్వాత హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాలి. తిరగలేదని బండిని గేర్లో పెట్టి లాగించొద్దు, పట్టేసిన రింగులు విరిగేది అప్పుడే. తిరిగాక 20డబ్ల్యూ50 ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయండి. డిప్‌స్టిక్ మీద తెల్లటి మీగడలాంటిది కనిపిస్తే నీళ్లు కలుస్తున్నాయి, హెడ్ (సిలిండర్ల మీది మూత) విప్పాల్సిందే.

సిలిండర్‌లో ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజ్‌తో నాలుగు సిలిండర్లూ కొలవండి. అంకె ఎంత అన్నదానికన్నా నాలుగూ దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి తక్కువుంటే అందులో చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

డెల్కోలో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), ప్లగ్గుల గ్యాప్ 25 థౌ. ఫైరింగ్ వరుస 1-3-4-2. కొన్ని పాత బళ్లలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఉంటుంది, అది చూడకుండా కొత్త బ్యాటరీ బిగిస్తే డైనమోకు ముప్పు.

టాపెట్లు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, 15 థౌ. ఏ వాల్వు ఎప్పుడు సెట్ చేయాలో తొమ్మిది లెక్క చెబుతుంది. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా నంబర్లు వేసుకోండి. పూర్తిగా తెరుచుకున్న వాల్వు నంబరును 9లోంచి తీసేస్తే వచ్చే వాల్వును సెట్ చేయాలి: 8 తెరుచుకున్నప్పుడు 1, 6 తెరుచుకున్నప్పుడు 3, 4 తెరుచుకున్నప్పుడు 5. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) కొద్దిగా పట్టి లాగినట్టు జారాలి. చప్పుడు తగ్గుతుందని గ్యాప్ బిగించేయడం మెకానిక్‌లలో పాత అలవాటు, దానివల్ల ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. అంబాసిడర్ టాపెట్లు కాస్త టకటకలాడటమే ఆరోగ్యం.

నెల నెలా సెట్ చేస్తున్నా ఎగ్జాస్ట్ గ్యాప్ తగ్గిపోతూ ఉంటే లోపం టాపెట్‌లో లేదు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత హెడ్‌లో వాల్వు కూర్చునే పోత ఇనుమును అప్పటిదాకా కాపాడింది ఆ సీసమే. అది లేకపోయేసరికి వాల్వు లోపలికి దిగబడుతోంది. హెడ్ ఎలాగూ విప్పిన రోజున లేత్ షాపులో ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించేయండి.

ఇప్పటి పెట్రోల్లోని 20 శాతం ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను లాక్కుని ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయండి. నెలల తరబడి నిలిపేటప్పుడు కార్బురేటర్‌లోని పెట్రోలు ఖాళీ చేయండి.

థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. బండి వేడెక్కుతోందని దాన్ని పీకి పారేసి ఉంటారు. అది లేని ఇంజిన్ ఎప్పుడూ సరిగా వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, బోరు అరుగుతుంది. అసలు రోగం మూసుకుపోయిన రేడియేటర్‌ది, దాన్ని విప్పి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి.

సామాన్లు, రంగు

కొత్త సామాను దొరకనప్పుడు విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ అడగండి. కోల్‌కతాలో ట్యాక్సీలుగా తిరిగినన్ని అంబాసిడర్లు ఇంకెక్కడా తిరగలేదు. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి, మార్కు (మోడల్ తరం) మారితే బీడింగులు, లైట్లు, గ్రిల్ మారిపోతాయి.

రంగు చివరి పని. టింకరింగ్ అయ్యాక, ప్రైమర్ మీద బండిని 500 కిలోమీటర్లయినా తిప్పండి. ఆయిల్ మార్చి, హెడ్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసి, టాపెట్లు మళ్లీ సెట్ చేసి, కారుతున్న చోట్లన్నీ కట్టాక రంగు వేసే బూత్‌కు పంపండి. ముందే వేయిస్తే, మళ్లీ ఇంజిన్ దించాల్సి వచ్చిన రోజున ఫెండర్ల మీద గీతలు పడతాయి.