మత్తు భయాన్ని దాటడం – 3వ పాఠం: మత్తు డాక్టరును అడగడం

కిందటి పాఠంలో, ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు గురించి మీకున్న భయాన్ని కాగితం మీద రాయమన్నాను. "మత్తు అంటే భయం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నవారు మళ్లీ కలం పట్టండి. ఆ ముక్కలో నాలుగైదు భయాలు కలిసిపోయి ఉంటాయి. మళ్లీ లేవనేమో అన్నది ఒకటి. మధ్యలో తెలివి వచ్చి కోత తెలుస్తుందేమో అన్నది ఇంకొకటి. ఒంటి మీద స్పృహ లేకుండా పరాయివాళ్ల మధ్య పడి ఉండాలే అన్నది మరొకటి. దీన్ని చాలామంది ఆడవాళ్లు పైకి చెప్పనే చెప్పరు. దేని జవాబు దానిదే కాబట్టి ముందు విడదీయాలి.

నాది మొదటి రకం. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అన్నప్పటి నుంచి, ఎప్పుడో పేపర్లో చూసిన "మత్తు వికటించి మృతి" అన్న శీర్షికే కళ్ల ముందు ఆడింది. కనిగిరి నుంచి ఒంగోలు దాకా బస్సులో అదే ఆలోచన. తీరా మత్తు డాక్టరు పరీక్షకు పిలిస్తే, చూపిన చోట సంతకం పెట్టి వచ్చేశాను. ఒక్క మాటా అడగలేదు. ఆ రాత్రంతా కళ్లు మూతపడలేదు. మీకు అలాంటి రాత్రి రాకూడదు.

ఆ పరీక్షను సంతకాల తతంగం అనుకోకండి. నోరు బాగా తెరవమంటారు, కదిలే పళ్లున్నాయా అని చూస్తారు, మెడ వెనక్కి వంచమంటారు. పూర్తి మత్తులో చాలా ఆపరేషన్లకు శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. అది సులువుగా వెళ్తుందో లేదో ముందే అంచనా వేసుకోవడానికే ఇదంతా. మన కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, వెన్ను బిగుసుకుపోయినవాళ్లు ఉన్నారు. మా మేనత్త మెడ వెనక్కి వంగదు. ముసలితనం అనుకుని ఆవిడ ఆ సంగతి చెప్పబోలేదు, నేనే చెప్పాను. డాక్టరు వెంటనే రాసుకుని, ఆపరేషన్ రోజుకు కెమెరా ఉన్న పరికరం సిద్ధం చేయించారు. మనం చెప్పిన ఒక్క మాట అక్కడ అంత పని చేస్తుంది.

"భయంగా ఉంది డాక్టరుగారూ" అంటే "ఏం కాదమ్మా" అన్న జవాబే వస్తుంది. అది ఓదార్పే గానీ భయం తీరదు. ఇలా అడగండి: "మధ్యలో నాకు తెలివి వస్తే మీకెలా తెలుస్తుంది?" అప్పుడు ఆయన వివరంగా చెప్పక తప్పదు. సూది వేసి వెళ్లిపోరు, ఆపరేషన్ ముగిసేదాకా మీ తల దగ్గరే ఉంటారు. గుండె కొట్టుకోవడం, బీపీ, రక్తంలో ఆక్సిజన్, మీరు వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ అన్నీ తెర మీద కనిపిస్తుంటాయి. వాటిని బట్టి మందు పెంచుతారు, తగ్గిస్తారు. బ్రిటన్‌లో 2014లో వెలువడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారం, మధ్యలో తెలివి వచ్చిందని చెప్పినవారు సుమారు 19,000 మత్తులకు ఒకరు. మూడో రకం భయానికైతే "థియేటర్లో ఆడ నర్సు ఉంటారా?" అని అడగండి. సిగ్గుపడవలసిన ప్రశ్న కాదది.

ఖాళీ కడుపు గురించి కూడా అడగండి. సాధారణంగా తేలికపాటి తిండి 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మీ డాక్టరు చెప్పిన లెక్కే మీకు లెక్క. పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకూడదనే ఈ నియమం. పిల్లల ఆపరేషన్ అయితే, పాపం ఆకలేస్తుందని చాటుగా ఇడ్లీ ముక్క పెట్టే అమ్మమ్మలకు ఈ కారణం తప్పక చెప్పండి.

ఈ వారం అభ్యాసం: మీ భయాల్లో పెద్దవి మూడు తీసుకుని ఒక్కొక్కదాన్ని ప్రశ్నగా మార్చి రాయండి. ఇంట్లో ఒకరిని డాక్టరుగా కూర్చోబెట్టి గొంతు వణకడం తగ్గేదాకా పైకి చదవండి. కాగితం వెనకవైపు మీరు వాడే మాత్రలు, ఆకు మందులు, పాత ఆపరేషన్లు, చుట్ట, బీడీ, మద్యం అలవాటు ఉంటే అదీ దాచకుండా రాయండి. మత్తు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం మీ చేతిలోనే ఉండాలి, తోడు వచ్చినవారి సంచిలో కాదు.

4వ పాఠంలో థియేటర్ బల్ల మీద పడుకున్నప్పటి ఊపిరి సాధన చేద్దాం.