ఆసుపత్రి బ్యాక్టీరియా బయోఫిల్మ్‌ను క్రిస్టల్ వయొలెట్‌తో కొలిచే విధానం

మూత్రపు కాథెటర్, వెంటిలేటర్ గొట్టం, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి పెట్టే గొట్టం) వంటి వాటి నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా రకాల్లో (ఐసొలేట్లలో) ఏది ఎంతగా బయోఫిల్మ్, అంటే ఉపరితలానికి అంటుకుని ఉండే జిగురు పొర, కడుతుందో చూడటానికి చాలా ల్యాబుల్లో వాడేది క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగుతో చేసే పరీక్ష. 1985లో క్రిస్టెన్సన్ బృందం స్టాఫిలోకాకస్‌ల కోసం ప్రచురించిన ప్లేటు పద్ధతే దీనికి మూలం. ఖర్చు తక్కువే గానీ, ఫలితం చాలావరకు చేతి ఒడుపు మీద ఆధారపడుతుంది. కింది కొలతలు స్టాఫిలోకాకస్‌కు సరిపోతాయి.

బ్లడ్ అగార్ మీద రాత్రంతా పెరిగిన తాజా కాలనీలను సెలైన్‌లో కలిపి 0.5 మెక్‌ఫార్లండ్ ప్రమాణానికి (ద్రవం మసకదనాన్ని బట్టి కణాల సాంద్రత చెప్పే కొలత) తెచ్చి, 1 శాతం గ్లూకోజ్ చేర్చిన ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో వంద రెట్లు పలచన చేయాలి. అడుగు చదునుగా ఉన్న 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న పాలీస్టైరీన్ ప్లేటులో ఒక్కో ఐసొలేట్‌కు కనీసం మూడు వెల్స్‌లో 200 మైక్రోలీటర్ల చొప్పున పోసి, మూత పెట్టి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు కదపకుండా ఉంచాలి. ఉత్త బ్రాత్ పోసిన వెల్స్‌తో పాటు, స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌లో బయోఫిల్మ్ గట్టిగా కట్టే ఏటీసీసీ (ప్రామాణిక సూక్ష్మజీవుల సేకరణ) 35984, కట్టని ఏటీసీసీ 12228 రకాలు ప్రతి ప్లేటులోనూ ఉండాలి. అంచు వెల్స్ త్వరగా ఆరిపోతాయి కనుక వాటిలో స్టెరైల్ నీరు మాత్రమే పోయడం మేలు.

అసలు తేడా వచ్చేది కడగడంలోనే. పిపెట్ కొనను అడుగుకు తాకించకుండా, ప్లేటును కొద్దిగా వంచి, ఫాస్ఫేట్ బఫర్ గోడ మీదుగా జారేలా పోసి, తీసేయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. ధార నేరుగా అడుగున పడితే పొర రేకులుగా లేచిపోయి, గట్టిగా కట్టిన ఐసొలేట్ కూడా బలహీనమైనదిగా లెక్కకు వస్తుంది. ప్లేటును బోర్లించి విదిలిస్తే తుంపరలు లేస్తాయి కాబట్టి ఈ పని బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే చేయాలి. తర్వాత 60 డిగ్రీల వద్ద గంటసేపు ఆరబెట్టి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్‌తో 15 నిమిషాలు రంగు పట్టించి, నీరు తేటగా వచ్చేవరకు కడిగి, 33 శాతం ఎసిటిక్ ఆసిడ్‌లో ఆ రంగును కరిగించి, 570 నానోమీటర్ల కాంతి వద్ద శోషణ విలువను చదవాలి. సూడోమోనాస్ అయితే ద్రవం పైమట్టం దగ్గర గోడకు వలయంలా అంటుకుంటుంది కనుక రంగునూ ఆసిడ్‌నూ ఆ వలయం మునిగేలా 250 మైక్రోలీటర్లు పోయాలి.

ఉత్త బ్రాత్ వెల్స్ సగటుకు మూడు ప్రామాణిక విచలనాలు కలిపితే హద్దు విలువ వస్తుంది. ఉదాహరణకు సగటు 0.08, విచలనం 0.01 అయితే హద్దు 0.11 అవుతుంది, దాన్ని దాటి 0.22 వరకు బలహీనం, అక్కడి నుంచి 0.44 వరకు మధ్యస్థం, ఆపైన బలమైన బయోఫిల్మ్‌గా నమోదు చేయాలి.

ఈ అంకెను యాంటీబయాటిక్ నిరోధకతకు కొలతగా చూడటం సరికాదు. క్రిస్టల్ వయొలెట్ బతికిన కణాలతో పాటు చచ్చిన కణాలకూ, వాటి చుట్టూ ఉన్న జిగురుకూ పడుతుంది. మరోవైపు, మామూలు ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మందు గాఢత) పరీక్ష ద్రవంలో విడిగా తేలే కణాల గురించే చెబుతుంది. అందులో సెన్సిటివ్ అని తేలిన ఐసొలేట్ కూడా బయోఫిల్మ్‌లో మందును తట్టుకోగలదు. పొర నుంచి విడదీసి మళ్లీ పెంచితే ఎంఐసీ మునుపటిలాగే వచ్చినప్పుడు దాన్ని సహనం అనాలి తప్ప, మందును పనిచేయనివ్వని మెక్‌ఏ, ఎన్‌డీఎం వంటి జన్యువుల వల్ల వచ్చే నిరోధకతతో కలిపి రాయకూడదు. మందు ప్రభావమే తెలియాలంటే, 24 గంటల బయోఫిల్మ్‌ను కడిగి, రెట్టింపు మోతాదుల వరుసలో మందు పోసి, మరో 24 గంటల తర్వాత పొరను సోనికేటర్‌తో (ధ్వని తరంగాలతో కదిలించే పరికరం) విడదీసి, అగార్ మీద బతికిన కాలనీలను లెక్కించాలి. అలా వచ్చే విలువలకు ఆమోదిత క్లినికల్ బ్రేక్‌పాయింట్లు (మందు పనిచేస్తుందో లేదో తేల్చే హద్దు విలువలు) లేవు కాబట్టి, వాటిని పరిశోధన రికార్డులోనే ఉంచి, వార్డుకు పంపే రిపోర్టులో ఎంఐసీని మాత్రమే ఇవ్వాలి.