పాటలో 'ను'లు ఎన్ని, 'వు'లు ఎన్ని?

ఒక పాటలో ఉన్నది ప్రేమా, పెత్తనమా అన్న అనుమానం వస్తే ముందు బాణీని పక్కన పెట్టండి. మంచి బాణీ ఎంత చేదునైనా తియ్యగా మింగిస్తుంది. సాహిత్యాన్ని కాగితం మీద రాసుకుని క్రియల చివరలు చూడండి. పని ఎవరిదో తెలుగులో క్రియే చెప్పేస్తుంది: 'ను' ఉంటే నేను, 'వు' ఉంటే నువ్వు.

పోయిన ఏడాది మా పదో తరగతి విద్యార్థి ఒకడు వార్షికోత్సవానికి పాట రాసి తెచ్చాడు. "నీ బస్సే ఎక్కుతాను, నీ వీధే తిరుగుతాను, కాదన్నా నిన్ను వదలను." మూడూ 'ను'లే. ఆ అమ్మాయి చేసిన పని ఒక్కటే, కాదనడం. అదీ 'కాదన్నా' అనే రూపంలో దాక్కుంది. అక్కడ 'వు' లేదు, అన్నది ఎవరో కనబడరు. బల్ల మీద కాగితం పెట్టి ఆ మాటనే చాలాసేపు చూశాం.

ఆ తర్వాత 'నాది' కింద గీత గీయండి. అబ్బాయి అయితే 'నావాడు'. అమ్మాయి మాత్రం ఇల్లులా, సైకిలులా 'నాది'. ఇది మన వ్యాకరణంలోనే ఉంది కాబట్టి పాట రాసేవారు రెండింతలు జాగ్రత్తపడాలి.

ఇక చరణాన్ని రాగం తీయకుండా చదవండి, అర్ధరాత్రి తెలియని నంబరు నుంచి ఫోనులో వినబడుతున్నట్టు. 1983లో ద పోలీస్ అనే బ్రిటిష్ సంగీత బృందం పాడిన 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' (నువ్వు తీసే ప్రతి శ్వాస) పెళ్ళిళ్ళలోనూ మోగుతుంది. ఆ పాట రాసిన బృంద గాయకుడు స్టింగ్ మాత్రం అది నిఘా గురించిన పాటేనని చెప్పాడు.

అసూయ పాటలో ఉండకూడదని నేను అనను. సత్యభామకు కృష్ణుడి మీద ఉన్న హక్కు చిన్నదా? కానీ కూచిపూడి భామాకలాపంలో ఆమె పక్కన చెలికత్తె మాధవి ఉంటుంది, నిలదీస్తుంది, ఆటపట్టిస్తుంది. సత్య లేఖ రాసి పంపుతుంది. రావడం, రాకపోవడం కృష్ణుడి చేతిలో ఉంటుంది. మీ పాటలోనూ ఎదుటి మనిషికి అంత చోటు ఉందా, చూడండి.

ఇష్టం లేదని స్పష్టంగా చెప్పిన అమ్మాయి వెంట పదేపదే పడడం 2013 నుంచి మన చట్టంలో నేరమని మా వాడికి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మొదటి పాదం మార్చి తెచ్చాడు: "రేపు ఏ బస్సుకు వస్తావు?"