పెద్దలతో, పిల్లలతో శ్రీశైలం: కుటుంబ యాత్రకు ఒక తల్లి సూచనలు

హైదరాబాదు నుంచి శ్రీశైలం దాదాపు 215 కిలోమీటర్లు. ఒక్కరోజులో వెళ్లి వచ్చేవారు చాలామందే ఉన్నారు. అయితే ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవారు, బడికి వెళ్లే పిల్లలు ఉన్నప్పుడు అలాంటి పరుగులో దర్శనం అవుతుంది కానీ కలిసి గడిపామన్న తృప్తి మిగలదు. ఉద్యోగాలు, ట్యూషన్లు, ట్రాఫిక్ నడుమ ఒకే ఇంట్లో ఉంటూ కూడా వారమంతా ఒకరితో ఒకరు నింపాదిగా మాట్లాడుకోలేని కుటుంబాలకు కావలసింది ఆ తృప్తే. కాబట్టి ముందుగా రెండు విషయాలు నిశ్చయించుకోవాలి. కనీసం ఒక రాత్రి క్షేత్రంలో బస చేయాలి. యాత్ర మొత్తం ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి అడుగును బట్టి సాగాలి. మిగిలిన ఏర్పాట్లన్నీ వీటిని అనుసరించేవే.

కార్తీక మాసంలో, ముఖ్యంగా సోమవారాల్లోనూ, మహాశివరాత్రికీ, కన్నడ భక్తులు కాలినడకన పెద్ద సంఖ్యలో తరలివచ్చే ఉగాదికీ క్షేత్రం కిటకిటలాడుతుంది. పండుగ రోజున స్వామిని చూడాలన్న కోరిక పెద్దవారికి ఉండటం సహజమే అయినా, రద్దీ ఎక్కువైతే శివలింగాన్ని చేత్తో తాకే స్పర్శ దర్శనం నిలిపివేస్తారని వారికి నెమ్మదిగా వివరించి, మామూలు వారంలో మధ్య రోజులను ఎంచుకోవడం మేలు. బస గదినీ, దర్శనం టికెట్లనూ దేవస్థానం వెబ్‌సైటులో ముందే తీసుకోవాలి. పెద్దవారి ఆధార్ కార్డులు, రక్తపోటు, షుగరు మాత్రలు, చేతికర్ర ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి బాధ్యత మనవడికో మనవరాలికో అప్పగించాలి. వేళకు మాత్ర అందించే పని చేతికి వచ్చిన పిల్లవాడు నానమ్మ పక్కనే కూర్చుంటాడు.

మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సాగుతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అక్కడ వాహనాలను వదలరు కనుక, అర్ధరాత్రి పిల్లలను లేపి బయలుదేరడం వల్ల ప్రయోజనం లేదు. అయిదింటికి బయలుదేరి, తుక్కుగూడ మీదుగా కడ్తాల్, ఆమనగల్లు దాటాక ఏదైనా చెట్టు నీడన ఆగి ఫలహారం ముగిస్తే సరిపోతుంది. దోమలపెంట దాటిన తరువాత ఘాట్ మలుపుల్లో కడుపులో తిప్పే పిల్లలకు ఆ పూట పాలు ఇవ్వకుండా, ముందు సీటులో కూర్చోబెట్టడం మంచిది.

భోజనం ఇంటి నుంచే తీసుకువెళ్లడం నాకు ఎప్పుడూ నచ్చుతుంది. ఖర్చు తగ్గుతుందని కాదు, నలుగురూ ఒకచోట కూర్చుని తింటారని. పులిహోరకు అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి, పసుపు, నూనె పట్టించి, పూర్తిగా చల్లారాకే చింతపండు గుజ్జు కలపాలి. వేడి మీద డబ్బాకెత్తితే ఆవిరి పట్టి మధ్యాహ్నానికి వాసన వస్తుంది. దద్దోజనానికి మెత్తగా చిదిమిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ధారాళంగా పోసి, ఒక్క చెంచా పెరుగు మాత్రం కలిపితే, అది దారిలోనే తోడుకుని తినే వేళకు పుల్లబడకుండా కమ్మగా ఉంటుంది. అడవిలో కోతులకు ఏదీ పెట్టకూడదు, ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా పారేయకూడదు. పుణ్యక్షేత్రానికి వెళ్లే దారిని మురికి చేసి దేవుడికి దండం పెట్టడం పిల్లలు చూడకూడని విషయమని నా గట్టి అభిప్రాయం.

నల్లమలలో చాలా దూరం ఫోన్లకు సిగ్నలు అందదు. ఆ సమయాన్ని పాటలతో నింపేయకుండా పెద్దవారికి వదలాలి. చెంచులు మల్లికార్జునుడిని తమ ఇంటి అల్లుడిగా భావించి చెంచు మల్లన్న అని పిలుచుకుంటారని చెప్పి చూడండి, పిల్లలు వెంటనే ప్రశ్నలు మొదలుపెడతారు. నేతకారుడు రోజుకో మూర చొప్పున ఏడాది పొడవునా నేసిన పాగాను, శివరాత్రి నాడు దీపాలన్నీ ఆర్పిన చీకట్లో ఆలయ శిఖరానికి చుట్టే ఆచారం మరో మంచి కథ. తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు ఏదో ఒకటి కల్పించి చెప్పడం కన్నా "నాకు తెలియదు, తాతయ్యను అడుగుదాం" అనడమే సరైనది. ఆ ఒక్క మాటతో తాతయ్యకు మాట్లాడే సందు దొరుకుతుంది.

క్షేత్రంలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించమనేది సాక్షి గణపతి సన్నిధికి. చేతిలో కలం, పుస్తకం పట్టుకుని ఈ స్వామి శ్రీశైలానికి వచ్చినవారి పేర్లు రాసుకుంటాడని, కైలాసంలో సాక్ష్యం చెబుతాడని నమ్మకం. సాధారణంగా ఇంటి యజమాని గోత్రం, తన పేరు చెప్పి కదిలిపోతారు. అలా కాకుండా ఇంట్లో అందరికంటే పెద్దవారిని పేర్లు చెప్పమనాలి. మా అత్తగారు అక్కడ నిలబడినప్పుడు గోత్రంతో మొదలుపెట్టి, వచ్చినవారి పేర్లు ముగించి, ఆగకుండా రాలేనివారి పేర్లు అందుకుంటారు: అమెరికాలో ఉన్న చిన్న కొడుకు, మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేని ఆడపడుచు, మాటలు తగ్గిపోయిన మరిది కుటుంబం. కొంగు సర్దుకుంటూ ఒక్కొక్క పేరుకూ వేలు మడుస్తారు. పక్కన నిలబడిన పిల్లలకు తమ కుటుంబం ఎంత పెద్దదో, అందులో అలిగినవారు కూడా మనవారేనని ఎవరూ ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం ఉండదు. వెనుక వరుస తొందరపెడుతుంటే పక్కకు జరిగి అయినా ఈ పేర్ల పట్టీ పూర్తి కానివ్వాలి.

స్పర్శ దర్శనానికి మగవారు పంచె, ఆడవారు చీర గానీ చున్నీతో సంప్రదాయ దుస్తులు గానీ ధరించాలి. ఫోన్లు బయట అప్పగించాలి. షుగరు ఉన్నవారిని ఉపవాసంతో వరుసలో నిలబెట్టకూడదు. ఏదైనా తిని వెళితే భక్తి తగ్గుతుందని వారు మొహమాటపడినా కోడలో కూతురో చొరవ తీసుకుని తినిపించాలి. మల్లికార్జునుడి తరువాత భ్రమరాంబాదేవిని దర్శించుకుని వెంటనే గదికి వెళ్లిపోవద్దు. వెలుతురు ఉండగా ప్రాకారం గోడ వెంట నడిస్తే వరుసలు వరుసలుగా చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, శివకథలు కనిపిస్తాయి. కాళ్లు నొప్పి పుట్టిన పెద్దవారు నీడన కూర్చుంటే, పిల్లలు చూసి వచ్చి ఏం చూశారో చెప్పాలి.

గుడికి రావడం ఇష్టం లేని పెద్ద పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వారిని బలవంతంగా వరుసలో నిలబెట్టడం వల్ల విశ్వాసం పుట్టదు. తాతయ్య చేయి పట్టుకుని మెట్లు దింపే పని, పాతాళగంగకు రోప్‌వే టికెట్లు తెచ్చే పని వారికి ఇవ్వాలి. పూజల మీద ఆసక్తి లేని అమ్మాయికి, పన్నెండవ శతాబ్దంలో కన్నడ దేశం నుంచి చెన్నమల్లికార్జునుడిని వెతుక్కుంటూ ఒంటరిగా ఇక్కడికి వచ్చిన కవయిత్రి అక్కమహాదేవి గురించి చెబితే తప్పక వింటుంది.

మరునాడు శిఖర దర్శనం చేసుకుని బయలుదేరాలి. "శ్రీశైల శిఖరం దృష్ట్వా పునర్జన్మ న విద్యతే" అన్న మాటకు అర్థం పెద్దవారి చేతే చెప్పించి, నంది కొమ్ముల మధ్య నుంచి గోపురం కనిపించేవరకు ఓపికగా చూడనివ్వాలి. చీకటి పడకముందే అడవి దాటేలా మధ్యాహ్నానికల్లా కారెక్కడం మంచిది. ఇల్లు చేరాక లడ్డూ ప్రసాదాన్ని పొట్లాలు కట్టి, పక్కింటివారికీ వాచ్‌మన్ కుటుంబానికీ పిల్లల చేత పంపించాలి. సాక్షి గణపతి ముందు ఎవరెవరి పేర్లు చెప్పారో వారందరికీ ఆ వారంలోనే, మాటలు తగ్గినవారితో సహా, ఫోను చేసి ఆ సంగతి చెప్పాలి. మొదటి ఫోను నానమ్మ చేత చేయించాలి.