మీసోథీలియోమాలో న్యూక్లియర్ రిసెప్టర్ల పరీక్ష – 3వ పాఠం: కణం చచ్చింది సరే, రిసెప్టర్ వల్లేనా?

కిందటి పాఠంలో ఆర్‌ఎన్‌ఏ, వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ ఉందో లేదో చూపే పరీక్ష) రెండూ చూసుకుని, మన మీసోథీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) కణాల్లో పీపీఏఆర్ గామా అనే రిసెప్టర్ ఉందని తేల్చుకున్నాం. మనిషిలో ఉండే 48 న్యూక్లియర్ రిసెప్టర్లలో, అంటే కణంలో జీన్ల పనిని పెంచే, తగ్గించే ప్రోటీన్లలో, అదొకటి. అయితే రిసెప్టర్ ఉండడం వేరు, కణం బతుకు దాని మీద ఆధారపడడం వేరు.

ఎంఎస్‌టీఓ-211హెచ్ అనే మీసోథీలియోమా కణాలను 96 వెల్స్ (చిన్న గుంతలు) ప్లేటులో వేసి, పీపీఏఆర్ గామాను మేల్కొలిపే డయాబెటిస్ మందు రోసిగ్లిటజోన్ 50 మైక్రోమోలార్ (1 మైక్రోమోలార్ అంటే 1000 నానోమోలార్లు) ఇచ్చారనుకోండి. మూడు రోజుల్లో కణాలు సగమయ్యాయి. ‘టార్గెట్ దొరికింది’ అని నోట్‌బుక్‌లో రాయాలనిపిస్తుంది. దయచేసి రాయకండి. ఈ మందు పీపీఏఆర్ గామాకు పదుల నానోమోలార్ల దగ్గరే అతుక్కుంటుంది. 1 మైక్రోమోలార్‌కే రిసెప్టర్ దాదాపు నిండిపోతుంది. దానికి 50 రెట్లు ఇస్తే గాని చావని కణం వేరే దారిన చచ్చిందేమో అనుమానించాలి. పైగా 8 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న మనిషి రక్తంలోకి ఈ మందు 2 మైక్రోమోలార్ దాకా కూడా చేరదు. చేరినదాంట్లో 99 శాతం పైగా ప్రోటీన్లకు అంటుకునే ఉంటుంది.

అందుకని రెండు ప్లేట్లు పెట్టండి. రెండింటిలోనూ 10 నానోమోలార్ నుంచి 50 మైక్రోమోలార్ దాకా ఒకే డోసులు. ఒకదాంట్లో మూడో రోజున బతికిన కణాలు లెక్కపెట్టండి. రెండోదాంట్లో 24 గంటలకు ఏఎన్‌జీపీటీఎల్4 ఆర్‌ఎన్‌ఏ కొలవండి. పీపీఏఆర్ గామా మేలుకుంటే పెరిగే జీన్లలో అదొకటి. రెండు గీతలనూ ఒకే గ్రాఫులో గీయండి. జీన్ 1 మైక్రోమోలార్ లోపే శిఖరానికి చేరి, చావు మాత్రం 30 దగ్గర మొదలైతే ఆ రెంటికీ సంబంధం ఉందని చెప్పలేం.

ఇక్కడ చాలామంది ఒకచోట జారిపోతారు. స్టాక్ (ముందే కలిపి పెట్టుకున్న చిక్కటి మందు ద్రావణం) 10 మిల్లీమోలార్‌దే ఉంటే, 50 మైక్రోమోలార్ వెల్‌లోకి మందును కరిగించిన ద్రవం డీఎంఎస్‌ఓ 0.5 శాతం పోతుంది. చిన్న డోసుల్లో అది దాదాపు ఉండదు. అప్పుడు తేడా మందు వల్లా, డీఎంఎస్‌ఓ వల్లా అన్నది తేలదు. 50 మిల్లీమోలార్ స్టాక్ కలిపి, మందు లేని వెల్‌తో సహా అన్నింటిలో 0.1 శాతమే ఉండేలా చూడండి.

తరవాత అడ్డుపుల్ల వేద్దాం. జీడబ్ల్యూ9662 అనే రసాయనం ఈ రిసెప్టర్‌లోని 285వ సిస్టీన్‌కు (ఒక అమైనో ఆమ్లం) విడిపోకుండా అతుక్కుని, దాన్ని పనిచేయనివ్వదు. దాన్ని గంట ముందు ఇచ్చి, ఆపైన రోసిగ్లిటజోన్ ఇవ్వండి. జీన్ మూగబోయినా కణాలు అలాగే చస్తుంటే ఆ చావు రిసెప్టర్ పనికాదు. జీడబ్ల్యూ9662 ఒక్కటే ఇచ్చిన వెల్ తప్పనిసరి, ఎందుకంటే డోసు పెరిగితే అదీ కణాలను దెబ్బతీస్తుంది.

ఇంత పట్టుదల దేనికంటే, ఆస్బెస్టాస్ పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు బయటపడే జబ్బు ఇది. తెలిసేసరికి ఆ మనిషికి మిగిలేది కొద్ది కాలమే. తప్పు టార్గెట్ మీద నడిపే ట్రయల్ ఆ కొద్ది కాలాన్నీ తినేస్తుంది.

వచ్చే పాఠంలో రిసెప్టర్‌నే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (ఎంచుకున్న జీన్‌ను మూగబోయేలా చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ) తీసేస్తాం. ఈలోపు రెండు వేర్వేరు ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సులు సిద్ధం చేసుకోండి. ఒకటే అయితే, అది ఇంకో జీన్‌ను కూడా పడగొట్టిందేమో తెలుసుకునే వీలుండదు.